చలికాలంలో మంచు మీద సైకిల్‌పై పనికి వెళ్లేవారికి సూచనలు

ఫిన్లాండులో కాంట్రాక్టు మీద పనిచేస్తున్న తెలుగు సోదర సోదరీమణులకు,

ఆఫీసులు శుభ్రం చేసేవారు, హోటల్ వంటగదుల్లో, గోదాముల్లో, ఓడల తయారీ యార్డుల్లో పనిచేసేవారు చాలామంది తెల్లవారుజామున 4, 5 గంటలకే గది నుంచి బయలుదేరవలసి ఉంటుంది. ఆ వేళకు చాలాచోట్ల బస్సు దొరకదు. ట్యాక్సీ ఎక్కితే ఆ రోజు సంపాదనలో పెద్ద భాగం దానికే పోతుంది. అందుకే మనవాళ్లు సైకిల్ కొనుక్కుంటున్నారు. ఇది మంచి పనే. ఈ దేశం వాళ్లు కూడా చలికాలమంతా సైకిల్ తొక్కుతారు. ఉత్తరాన ఉన్న ఔలు నగరంలో 900 కిలోమీటర్లకు పైగా సైకిల్ దారులు ఉన్నాయి. చలికాలపు సైక్లింగ్‌పై మొదటి అంతర్జాతీయ సమావేశం 2013లో ఆ ఊళ్లోనే జరిగింది. అయితే మంచు మీద తొక్కడం మన ఊరి రోడ్డు మీద తొక్కినట్టు కాదు. కింది విషయాలు తెలుసుకుని బయలుదేరవలసిందిగా కోరుతున్నాము.

1. ఏ సైకిల్ కొనాలి?

ఇక్కడ షాపుల్లో ఫ్యాట్ బైక్ అని పిలిచే లావు టైర్ల సైకిల్ కనిపిస్తుంది. దాని టైరు వెడల్పు సుమారు 4 అంగుళాలు ఉంటుంది. టైరు వెడల్పుగా ఉండి, గాలి తక్కువగా ఉండటం వల్ల బరువు ఎక్కువ చోటుకు పరుచుకుంటుంది. అందుకే మెత్తని మంచులో సన్న టైరు దిగబడినట్టు ఇది దిగబడదు. ఊరి చివర, అడవి దారిలో, మంచు తీసే బండి ఇంకా రాని దారిలో వెళ్లేవారికి ఇది బాగా పనికొస్తుంది.

కాని ఒక విషయం బాగా గుర్తుంచుకోండి. లావు టైరు మెత్తని మంచు మీద నిలబెడుతుంది గాని, నున్నని ఐసు మీద జారకుండా ఆపలేదు. ఐసును పట్టుకునేవి టైరుకు బిగించిన చిన్న ఇనుప మేకులు మాత్రమే. ఇలాంటి మేకుల టైరును ఫిన్నిష్ భాషలో నస్తరెంగస్ అంటారు. షాపులో ఈ మాట చెబితే చాలు, అర్థం చేసుకుంటారు.

కాబట్టి కొనేముందు మీరు రోజూ వెళ్లే దారిని ఒకసారి చూసుకోండి. పెద్ద ఊళ్లలో ముఖ్యమైన సైకిల్ దారులపై మంచును తెల్లవారేసరికి బండితో తీసివేస్తారు. మీ దారి అలాంటిదైతే ఖరీదైన ఫ్యాట్ బైక్ అవసరం లేదు. మామూలు సైకిల్‌కు మేకుల టైర్లు వేయించుకుంటే సరిపోతుంది, ఖర్చూ చాలా తక్కువ. డబ్బు ఒక్క టైరుకే ఉంటే ముందు చక్రానికి వేయించండి. ముందు చక్రం జారితే మనిషి నిలదొక్కుకోలేడు. కొత్త మేకుల టైరు వేసిన మొదటి 40, 50 కిలోమీటర్లు నెమ్మదిగా తొక్కాలి. అప్పుడే మేకులు గట్టిగా కూర్చుంటాయి.

పాత సైకిల్ కొంటే రసీదు, కనీసం అమ్మినవాడి పేరు, ఫోన్ నంబరు తీసుకోండి. సైకిల్ ఫ్రేము మీద చెక్కిన నంబరును రాసి పెట్టుకోండి. మరీ చవకగా ఇస్తున్నాడంటే అది దొంగ సైకిల్ కావచ్చు. దానివల్ల పోలీసుల ముందు మీరు నిలబడవలసి వస్తుంది.

బ్యాటరీ సైకిల్ కొనేవారు మరీ జాగ్రత్తగా ఉండాలి. మోటారు 250 వాట్లకు మించకుండా, పెడల్ తొక్కినప్పుడే పనిచేస్తూ, గంటకు 25 కిలోమీటర్ల వద్ద ఆగిపోయేదైతే అది మామూలు సైకిల్ కిందకే వస్తుంది. అంతకు మించిన వాటికి నిబంధనలు వేరు. షాపువాడిని అడిగి తెలుసుకున్నాకే డబ్బు కట్టండి.

2. చలి లెక్క

మన దగ్గర లంబసింగిలో ఉష్ణోగ్రత సున్నాకు దగ్గరగా పడితేనే పేపర్లో వార్త వస్తుంది. ఇక్కడ మైనస్ 10 మామూలు రోజు. ఉత్తరాన మైనస్ 25 కూడా పడుతుంది. పైగా సైకిల్ మీద వెళ్తుంటే ఎదురుగాలి తోడవుతుంది. గంటకు 20 కిలోమీటర్ల వేగంతో వెళ్తే మైనస్ 10 చలి ఒంటికి మైనస్ 18లా, మైనస్ 20 చలి మైనస్ 30లా తగులుతుంది. ఫోన్‌లో కనిపించే అంకెను చూసి బట్టలు వేసుకుంటే చాలదు.

బట్టలు మూడు పొరలుగా వేసుకోండి. ఒంటికి తగిలే పొర ఉన్నిదైనా, స్పోర్ట్స్ బట్టదైనా ఉండాలి. నూలు బనియన్ వద్దు. అది చెమటను పీల్చుకుని తడిగా ఉండిపోతుంది, ఆగిన వెంటనే ఒళ్లు చల్లబడుతుంది. మధ్యలో స్వెట్టర్, పైన గాలి చొరబడని జాకెట్ ఉండాలి. బయలుదేరేటప్పుడు కొద్దిగా చలి అనిపించాలి. గుమ్మంలోనే వెచ్చగా ఉంటే అర కిలోమీటరు పోయేసరికి చెమట పడుతుంది. పనిచోట మార్చుకోవడానికి ఒక పొడి బనియన్, సాక్సులు సంచిలో పెట్టుకోండి.

చేతులకు నాలుగు వేళ్లూ కలిసి ఉండే గ్లోవ్స్ అన్నిటికన్నా వెచ్చన. హెల్మెట్ కింద పలుచని మంకీ క్యాప్ పెట్టుకోండి. బూటు కాస్త వదులుగా ఉండాలి. రెండు జతల సాక్సులు వేసి బూటు బిగించి కడితే రక్తం ఆడక వేళ్లు ఇంకా త్వరగా మొద్దుబారతాయి.

వేళ్లు, ముక్కు, చెవులు, చెంపలు తెల్లబడి మొద్దుబారితే అది చలి కాటు. వెంటనే వెచ్చని చోటికి వెళ్లండి. మంచుతో రుద్దకూడదు. హీటరు మీద, మంట దగ్గర పెట్టకూడదు, స్పర్శ ఉండదు కనుక కాలినా తెలియదు. చంకలో పెట్టుకోవడం గాని, 37 నుంచి 39 డిగ్రీల గోరువెచ్చని నీటిలో ఉంచడం గాని చేయాలి. రంగు తిరిగి రాకపోయినా, పొక్కులు లేచినా డాక్టరుకు చూపించండి. మద్యం తాగితే వెచ్చగా అనిపిస్తుంది గాని, నిజానికి శరీరంలోని వేడి బయటకు పోతుంది. తాగి సైకిల్ ఎక్కవద్దు.

3. తొక్కే పద్ధతి

ఇక్కడ వాహనాలు కుడివైపున నడుస్తాయి. మన అలవాటు ఎడమ. నిద్రమత్తులో, చీకట్లో ఈ పాత అలవాటే ప్రమాదం తెస్తుంది. రోడ్డు ఎక్కే ప్రతిసారీ "కుడి" అని మనసులో అనుకోండి.

సీటును కొద్దిగా కిందకు దించండి, అవసరమైతే కాలు నేలకు ఆనాలి. మలుపుకు ముందే వేగం తగ్గించండి. మలుపులో బ్రేకు వేయవద్దు, హ్యాండిల్ గభాలున తిప్పవద్దు. బ్రేకు వెనుకది ముందుగా, మెల్లగా నొక్కండి. ఆగడానికి మామూలు కంటే ఎన్నో రెట్లు దూరం పడుతుందని లెక్క వేసుకోండి.

ఫ్యాట్ బైక్ టైర్లలో గాలి దారిని బట్టి మార్చాలి. మెత్తని మంచులో 5 నుంచి 8 పీఎస్ఐ, గట్టి రోడ్డు మీద 10 నుంచి 15 పీఎస్ఐ ఉంచుకోవచ్చు. గదిలో గాలి కొట్టి బయటకు తెస్తే చలికి అది తగ్గుతుంది. అందుకే బయటకు వచ్చాక ఒకసారి నొక్కి చూడండి.

నల్లగా, తడి రోడ్డులా మెరిసే చోట పలుచని ఐసు ఉండవచ్చు. వంతెనల మీద, పగలు కరిగి రాత్రి గడ్డకట్టే చోట్ల ఇది ఎక్కువ. హెల్సింకిలోనూ, తంపెరెలోనూ ట్రామ్ పట్టాలను అడ్డంగా, తిన్నగా దాటండి. వాలుగా దాటితే చక్రం పట్టాలో ఇరుక్కుంటుంది. జీబ్రా గీతల దగ్గర సైకిల్ దిగి నడిపించుకుంటూ దాటితే మిమ్మల్ని పాదచారిగా లెక్కిస్తారు. సైకిల్ దారి గుర్తు లేని కాలిబాటపై పెద్దవాళ్లు సైకిల్ తొక్కకూడదు.

4. వెలుతురు

డిసెంబరులో హెల్సింకిలో పగటి వెలుతురు ఆరు గంటలకు కాస్త తక్కువ. ఔలులో మూడున్నర గంటలే. అంటే మీరు పనికి వెళ్లేదీ చీకట్లోనే, తిరిగి వచ్చేదీ చీకట్లోనే. ముందు తెల్ల లైటు, వెనుక ఎర్ర లైటు తప్పనిసరి. వెనుక లైటు నిబంధన 2020 జూన్ నుంచి అమలులో ఉంది. నల్ల జాకెట్ మీద రిఫ్లెక్టర్ పట్టీ గాని, పనిలో ఇచ్చిన మెరిసే చొక్కా గాని వేసుకోండి. చలికి బ్యాటరీ త్వరగా దిగిపోతుంది. లైటునూ, బ్యాటరీ సైకిల్ అయితే దాని బ్యాటరీనీ పనిచోట లోపలికి తీసుకెళ్లండి. బ్యాటరీ గది వేడికి వచ్చాకే చార్జింగ్ పెట్టండి.

తాళం గడ్డకడితే వేడినీళ్లు పోయవద్దు, ఆ నీరే మళ్లీ గడ్డకడుతుంది. ముందే తాళంలో నూనె చుక్క వేసి ఉంచండి. రోడ్డు మీద చల్లే ఉప్పుకు చైను తుప్పు పడుతుంది, వారానికోసారి తుడిచి నూనె వేయండి.

5. దారిలో పడితే: మీ హక్కు

ఇది అన్నిటికన్నా ముఖ్యమైన విషయం. దయచేసి రెండుసార్లు చదవండి.

ఫిన్లాండు చట్టం ప్రకారం పనిలో జరిగిన ప్రమాదమే కాదు, ఇంటి నుంచి పనికి, పని నుంచి ఇంటికి వెళ్లే దారిలో జరిగిన ప్రమాదం కూడా బీమా కిందకు వస్తుంది. సైకిల్ మీద వెళ్లినా, నడిచి వెళ్లినా అంతే. దారిలో సరుకులు కొనడానికి కాస్త పక్కకు తిరిగినా హక్కు పోదు. ఈ బీమా యజమానే చేయించాలి. దాని కోసం మీ జీతంలోంచి డబ్బు కోయకూడదు.

ఉదాహరణకు, తెల్లవారుజామున పనికి వెళ్తూ ఐసు మీద జారి మణికట్టుకు దెబ్బ తగిలిందనుకోండి. "కంపెనీ వాళ్లకు చెబితే పని పోతుందేమో, వీసాకు ఇబ్బందేమో" అన్న భయంతో చెప్పకుండా, కట్టు కట్టుకుని పనిచేస్తే ఏమవుతుంది? నాలుగు వారాల తర్వాత చేయి పైకి లేవదు. అప్పుడు డాక్టరు దగ్గరకు వెళ్తే, ఈ దెబ్బ దారిలోనే తగిలిందని నిరూపించడం కష్టం. మొదటి రోజే చెప్పి ఉంటే వైద్య ఖర్చూ, పనికి వెళ్లలేని రోజుల నష్టపరిహారమూ బీమా నుంచి వచ్చేవి. కాబట్టి ఇలా చేయండి:

— ఒంటికి పెద్ద దెబ్బ తగిలితే 112కు ఫోన్ చేయండి. అత్యవసరం కాకపోతే 116117కు చేసి సలహా అడగండి.
— అదే రోజు సూపర్‌వైజరుకు మెసేజ్ రూపంలో తెలియజేయండి. నోటితో చెబితే చాలదు. ఏ చోట, ఎన్ని గంటలకు, ఎలా పడ్డారో రాయండి. ఆ మెసేజ్ తుడిచివేయకండి.
— పడిన చోటునూ, సైకిల్‌నూ, దెబ్బనూ ఫోటో తీయండి. చూసినవారు ఉంటే పేరు, నంబరు తీసుకోండి.
— అదే రోజు, లేదా మరునాడు డాక్టరుకు చూపించండి. "పనికి వెళ్లే దారిలో పడ్డాను" అని స్పష్టంగా చెప్పి రాయించండి.
— కంపెనీ బీమా సంస్థ పేరు అడగండి. విషయం తెలిసిన నాటి నుంచి పది పని దినాల లోపల యజమాని బీమా సంస్థకు తెలియజేయాలి.

యజమాని అసలు బీమా చేయించకపోయినా మీ హక్కు పోదు. అలాంటి కేసులను చూడటానికి ఈ దేశంలో కార్మిక నష్టపరిహార కేంద్రం ఉంది. అయితే సొంత వ్యాపారం పేరుతో పనిచేసేవారికి ఈ బీమా దానంతట అది రాదు. మీ కాగితం మీద "ఉద్యోగి" అని ఉందో లేదో సంతకం చేసే ముందే చూసుకోండి.

యజమాని వినకపోతే, బెదిరిస్తే, పాస్‌పోర్టు తన దగ్గర పెట్టుకుంటే యూనియన్‌కు గాని, దౌత్య కార్యాలయ సంక్షేమ విభాగానికి గాని వెంటనే తెలియజేయండి. కాంట్రాక్టు, జీతం కాగితాలు, డాక్టరు కాగితం కాపీలు వెంట తీసుకురండి.

చివరగా ఒక మాట. మంచు బాగా కురుస్తున్న రోజు, చినుకులు పడి రోడ్డు అద్దంలా ఉన్న రోజు సైకిల్‌ను గదిలోనే వదిలి నడిచి వెళ్లండి, ఆలస్యమవుతుందని ముందే ఫోన్ చేసి చెప్పండి. పది నిమిషాలు ఆలస్యమైతే మాట పడతారేమో గాని, కాలు విరిగితే ఇంటికి పంపే డబ్బు ఆగిపోతుంది. ఈ కాగితాన్ని మీ గదిలో గోడకు అంటించండి. చదవడం రానివారికి చదివి వినిపించండి.