ఏ ఫిల్మ్‌కి ఏ ఫిల్టర్?

"ఇన్‌ఫ్రారెడ్ ఫొటోలు తీయాలనుంది, ఏ ఫిల్టర్ కొనమంటారు?" అని అడిగేవాళ్లను ముందు నేనే ఒకటి అడగాలి: ఏ ఫిల్మ్ వేస్తున్నారు? అది తేలకుండా ఫిల్టర్ సంగతి తేలదు.

ఎందుకు?

మన కంటికి వెలుగు సుమారు 700 నానోమీటర్ల దగ్గర ఆగిపోతుంది. ఆ పైదంతా పరారుణం. ఇన్‌ఫ్రారెడ్ ఫిల్మ్ ఆ హద్దు దాటి చూస్తుంది కానీ అన్నీ ఒకే దూరం చూడవు. ఇల్‌ఫర్డ్ ఎస్‌ఎఫ్‌ఎక్స్ 200 చూపు 740 దగ్గర ఆగుతుంది. రోలై ఇన్‌ఫ్రారెడ్ 400 సుమారు 820 దాకా వెళ్తుంది. 900 దాకా చూసిన కొడాక్ హెచ్‌ఐఈ తయారీ 2007లో ఆగిపోయింది.

ఫిల్టర్‌ది దీనికి ఎదురు పని. ఒక అంకె కిందున్న వెలుగును ఆపి, పైదాన్ని వదులుతుంది. ఆర్72 అయితే ఆ అంకె 720. ఫిల్టర్ వదలడం మొదలుపెట్టిన చోటికీ, ఫిల్మ్ చూపు ఆగే చోటికీ మధ్య మిగిలిన సందులోంచే మీ ఫొటో రావాలి. ఎస్‌ఎఫ్‌ఎక్స్‌కి ఆర్72 పెడితే ఆ సందు చాలా సన్నం. బొమ్మ వస్తుంది కానీ ఎక్స్‌పోజర్ బాగా పెంచాలి. 850 దగ్గర తెరుచుకునే 87సి ఫిల్టర్‌ని రోలై మీద పెడితే దాదాపు ఖాళీ నెగటివే. పాత పుస్తకాల్లో 87సి పేరు కనిపిస్తే అది హెచ్‌ఐఈ కాలం నాటి సలహా అనుకోండి.

మరి మామూలు ఎర్ర ఫిల్టర్, నంబర్ 25? దాంట్లోంచి వ్యూఫైండర్‌లో దృశ్యం కనిపిస్తుంది, అదొక సుఖం. కాకపోతే కంటికి కనిపించే ఎరుపు కూడా లోపలికి వస్తుంది. ఆకాశం ముదురుతుంది గానీ ఆకులు తెల్లబడవు.

ఆకులు తెల్లబడేది ఎందుకు? పత్రహరితం ఎర్ర వెలుగును తాగేస్తుంది, పరారుణాన్ని ముట్టుకోదు. ఆకు లోపలి కణాల గోడలూ గాలి ఖాళీలూ దాన్ని చెదరగొట్టి బయటికి పంపేస్తాయి. అమెరికన్ భౌతికశాస్త్రవేత్త రాబర్ట్ వుడ్ ఇలాంటి ఫొటోలు 1910లోనే అచ్చువేయించాడు. ఆకాశం నల్లబడటానికి కారణం వేరు: గాలి నీలాన్ని చెదరగొట్టినంతగా పరారుణాన్ని చెదరగొట్టలేదు. అన్నట్టు, ఈ ఫిల్మ్ వేడిని చూడదు. ఒంటి వేడి వెలువడే కిరణాల తరంగాలు ఇంతకు పది రెట్లకు పైగా పొడవు.

ఎలా?

ఆర్72 బిగిస్తే ఎస్‌ఎల్‌ఆర్ వ్యూఫైండర్ చీకటైపోతుంది. ట్రైపాడ్ మీద ఫ్రేమ్, ఫోకస్ చూసుకున్నాకే ఫిల్టర్ పెట్టండి. పరారుణం ఫోకస్ అయ్యే చోటు కాస్త వేరు. పాత లెన్సుల మీద దానికో చిన్న ఎర్ర గుర్తుంటుంది. అది లేకపోతే ఎఫ్/11కి మూసెయ్యండి. మీటర్ పరారుణాన్ని సరిగా కొలవదు. రోలైకి ఫిల్టర్ లేకుండా 12 ఐఎస్‌ఓ అని లెక్క చూసి, దానికి అటొక స్టాప్, ఇటొక స్టాప్ కూడా తీయండి. రోలును నీడలోనే ఎక్కించండి, దాని పారదర్శకమైన బేస్ అంచు నుంచి వెలుగును లోపలికి లాగేస్తుంది. కొన్ని ఆటోఫోకస్ కెమెరాల్లో ఫ్రేములు లెక్కపెట్టేది పరారుణ దీపమే. అది ఫిల్మ్‌ని పాడుచేస్తుంది కాబట్టి మాన్యువల్ పుస్తకం ముందే చూడండి. ముసురు రోజు రోలు వృథా. పచ్చదనం మీద సూటిగా ఎండ పడాలి.

కొత్తవాళ్లకు రోలై 400, ఆర్72 చాలు. 87సికి పెట్టే డబ్బుతో ఇంకో రోలు కొనుక్కోండి.