పాట మనది, మాస్టర్ ఎవరిదప్పా?

ధర్మవరంలో మగ్గం గుంతలో కూసున్నోళ్లకి ఈ మాట కొత్తగా చెప్పాల్సిన పని లేదు. మగ్గం మనది, చేతులు మనవి, కండ్లు పోగొట్టుకునేది మనం. పట్టు మాత్రం మాస్టర్ వీవర్‌ది, డిజైనూ ఆయప్పదే. చీర దిగినంక కూలి చేతిలో పెడతారు. ఆ చీర బెంగళూరులో ఎంతకు పోయిందో నేసినోనికి తెలియదు.

పాటల యాపారంలో కూడా అచ్చం ఇట్లే ఉండాది. అక్కడా ‘మాస్టర్’ అనే మాటే వాడతారు. రికార్డు చేసిన పాట అసలు ప్రతిని మాస్టర్ అంటారు. అది ఎవరి చేతిలో ఉంటే దుడ్లు వాళ్లకి పోతాయి. పాడినోడు, వాయించినోడు కూలోడే.

ఈ సంగతి ఇప్పుడు ఏంటికి ఎత్తుకున్నానంటే, హిందూపురం, పెనుకొండ, ధర్మవరం పిల్లోళ్లు కొందరు నన్ను ఒకే ప్రశ్న అడుగుతాండారు. కాలేజీలో చదివేటోళ్లు, ఎర్రమంచి కాడ కియాలో షిఫ్టు దిగి గిటారు పట్టేటోళ్లు, నేతగాళ్ల ఇండ్లలో డ్రమ్ములు వాయించేటోళ్లు. ‘అన్నా, మేం ప్రోగ్రెసివ్ రాక్ చేస్తాండాం. సినిమా కంపెనీలు మమ్మల్ని యాడ పట్టించుకుంటాయి? మనమే ఒక చిన్న లేబుల్ పెట్టుకుంటే కాదా?’ అని.

అయితాది. కానీ లేబుల్ అంటే లోగో కాదు, యూట్యూబ్ చానెల్ పేరు కాదు. అదొక ఒప్పందం. ఆ ఒప్పందంలో ఏం రాసుకోవాలో తెలియకుండా పెడితే మనం ఇంకో మాస్టర్ వీవర్ అవుతాం, అంతే.

ముందు ఈ రాక్ ఏందో రొంత చూద్దాం

రాక్ అంటే పెనుకొండ బండరాళ్లు కాదులే. 1960ల చివర ఇంగ్లాండులో కొందరు కుర్రోళ్లకి మూడు నిమిషాల పాటతో ఇసుగొచ్చింది. పాటని పొడుగు చేసినారు, కథ పెట్టినారు, నాలుగు దెబ్బల తాళం వదిలి ఐదు, ఏడు లెక్కలు పట్టినారు. 1969లో కింగ్ క్రిమ్‌సన్ మొదటి ఆల్బమ్ వచ్చింది. 1972లో జెత్రో టల్ అనే బ్యాండు ఆల్బమ్ మొత్తాన్నీ ఒకే పాటగా చేసింది. 1973లో పింక్ ఫ్లాయిడ్ ‘మనీ’ పాట ఏడు దెబ్బల లెక్కలో నడిచింది.

ఇది మనకేం పరాయి సరుకు కాదు. ఏడు దెబ్బలంటే మిశ్రచాపు: తకిట తకధిమి. ఐదంటే ఖండచాపు. రాత్రంతా ఒకే కథని పాటలతో నడిపే తోలుబొమ్మలాట మన ధర్మవరం పక్కన నిమ్మలకుంటలోనే ఉండాది. ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. ఒకే కథ మీద ఆల్బమ్ చేసినామని వాళ్లు గొప్పగా చెప్పుకుంటారే, ఆ పని మన తాతలు తెర ఎనకాల దీపం పెట్టుకొని చేసినారు.

బెంగళూరులో అగం అనే బ్యాండు ఉండాది. కర్ణాటక సంగీతాన్ని ప్రోగ్రెసివ్ రాక్‌తో కలిపి వాయిస్తారు. 2012లో ఒక ఆల్బమ్, 2017లో ఇంకొకటి తెచ్చినారు. త్యాగరాజు తెలుగు కృతి ‘మనవ్యాలకించరాదటే’ కూడా వాయించినారు. ముందునుంచి పాడేది హరీశ్ శివరామకృష్ణన్, మలయాళీ. చేతిలో ఉద్యోగాలు పెట్టుకొనే ఆ బ్యాండుని ఏళ్ల తరబడి నడిపినారు. హిందూపురంలో రైలెక్కితే వంద కిలోమీటర్ల దూరంలో తెలుగు మాట రాక్ స్టేజీ మీద మోగుతాండాది. మనం మాత్రం మన దగ్గర ఏమీ లేదనుకుంటాండాం.

లేబుల్ చేసేది మూడు పనులు

ఒకటి, రికార్డింగుకి పెట్టుబడి పెట్టడం. రెండు, పాటని జనం కాడికి చేర్చడం. మూడు, వచ్చిన దుడ్లు లెక్కగట్టి పంచడం. మొదటి రెండూ అందరూ చేస్తారు. మూడోది కాడికొచ్చేసరికి నోరు మూస్తారు.

పాటలో రెండు ఆస్తులుంటాయని ముందు తెలుసుకోండి. సాహిత్యమూ బాణీ ఒక ఆస్తి. అవి రాసినోళ్లవి, కట్టినోళ్లవి. రికార్డింగు ఇంకో ఆస్తి, అదే మాస్టర్. 1957 నాటి మన కాపీరైట్ చట్టం ప్రకారం రికార్డింగుకి పూనుకొని బాధ్యత తీసుకున్నోడే నిర్మాత, మాస్టర్‌కి మొదటి హక్కుదారు ఆయనే. స్టూడియోకి మీ చేతి దుడ్లు కట్టి, ఆ పనికి మీరే పూనుకుంటే మాస్టర్ మీదే. అందుకే స్టూడియో బిల్లు మీ పేరు మీదే తీసుకోండి. గిటారు, డ్రమ్ములు, గొంతు వేరు వేరుగా ఉండే ఫైళ్లన్నీ హార్డ్ డిస్కులో ఎక్కించుకొని ఇంటికి తెచ్చుకోండి. రికార్డింగు మీద హక్కు విడుదలైనంక 60 ఏళ్లుంటాది. మీ మనవడి దాకా వచ్చే ఆస్తి అది.

వాయించినోళ్లకి, పాడినోళ్లకి కూడా ప్రదర్శనకారుల హక్కని వేరే ఒకటి ఉండాది. అది 50 ఏళ్లు.

సంతకానికి ముందు చూడాల్సిన రెండు లైన్లు

2012లో కాపీరైట్ చట్టాన్ని సవరించినారు. ఆ సవరణ మన మాదిరోళ్ల కోసమే ఉండాది గాని, మనకి చెప్పేటోళ్లు లేరు. సినిమాకి సంబంధం లేని పాట హక్కుల్ని ఎవరికి రాసిచ్చినా సరే, రచయిత, బాణీ కట్టినోడు ఆ పాట సంపాదించే రాయల్టీలో సమాన వాటా అడిగే హక్కు పోదు. ‘నాకు రాయల్టీ వద్దు’ అని మీ చేత రాయించుకున్నా ఆ రాత చెల్లదు.

ఇంకొకటి. ఎన్నేళ్లకని ఒప్పందంలో రాయకపోతే అది ఐదేళ్లకే అని లెక్క. ఏ దేశాలకని రాయకపోతే ఇండియాకి మాత్రమే. అందుకే పెద్ద కంపెనీల కాగితాల్లో ‘శాశ్వతంగా’, ‘ప్రపంచమంతటా’ అనే రెండు మాటలు తప్పకుండా ఉంటాయి. కాగితం ఇరవై పేజీలున్నా ముందు ఆ రెండు మాటలు యాడున్నాయో ఎతకండి. నాకు తెలిసిన జానపద గాయకుడొకాయప్ప అవి చూడకుండా రెండు వేల రూపాయలకి సంతకం పెట్టినాడు. ఇప్పుడు ఆయన పాట ఆయనే ఫోనులో పెట్టుకుంటే కాపీరైట్ దెబ్బ తగులుతాండాది.

మీరే లేబుల్ పెడితే బ్యాండు కాడ మాస్టర్ కొనొద్దు. ఐదేళ్లకి లైసెన్సు తీసుకోండి, గడువు తీరినంక మాస్టర్ వాళ్లకే పోవాల. ఇది ఆశ చూపించే మాట కాదు, చేసి చూపించినోళ్లు ఉండారు. కింగ్ క్రిమ్‌సన్ గిటారిస్టు రాబర్ట్ ఫ్రిప్ పాత మేనేజ్‌మెంటుతో హక్కుల కోసం ఏళ్లు కొట్లాడినాడు. 1992లో డేవిడ్ సింగిల్టన్‌తో కలిసి డిసిప్లిన్ గ్లోబల్ మొబైల్ అనే చిన్న లేబుల్ పెట్టినాడు. కాపీరైట్ కళాకారునిదే అనేది దాని సూత్రం.

దానికి ఎదురుగా వర్జిన్ కథ చూడండి. 1973లో 19 ఏళ్ల మైక్ ఓల్డ్‌ఫీల్డ్ రికార్డు చేసిన ‘ట్యూబులర్ బెల్స్’తో ఆ లేబుల్ మొదలైంది. పెద్ద కంపెనీలు వద్దన్న సంగీతం అది, ఆల్బమ్ అంతా రెండే రెండు పొడుగు భాగాలు. శానా గొప్ప పని. కానీ 1992లో వర్జిన్ మ్యూజిక్‌ని ఈఎంఐకి అమ్మేసినారు. కంపెనీ అమ్ముడుపోతే దాని చేతిలోని ఒప్పందాలు కూడా కొన్నోని ఇంటికి పోతాయి. గొడ్డుతో పాటు దూడని తోలుకుపోయినట్లు. చిన్న లేబుల్ మంచిదా చెడ్డదా అని ఓనరు మనసు చూసి చెప్పలేం. కాగితం చూసి చెప్పాల.

దుడ్లు యాడనుంచి వస్తాయి?

పొడుగు పాటకి పెద్ద చిక్కు ఇక్కడే. స్పాటిఫైలో 30 సెకన్లు దాటితే ఒక వినికిడి లెక్క. మీ 20 నిమిషాల పాటకీ ఒకటే, రెండు నిమిషాల పాటకీ ఒకటే. పైగా 2024 నుంచి ఒక పాట 12 నెలల్లో 1,000 సార్లు వినిపించుకోకపోతే దానికి పైసా లెక్కలోకి రాదు. స్ట్రీమింగుని నమ్ముకొని ప్రోగ్రెసివ్ రాక్ లేబుల్ పెట్టేది వానని నమ్ముకొని వేరుశెనగ ఏసినట్లే.

యూట్యూబ్ లెక్క వేరే. అక్కడ ప్రకటనల వాటా రావాలంటే 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4,000 గంటల చూపు కావాల. నాలుగు నిమిషాల పాటైతే 60,000 సార్లు పూర్తిగా చూడాల. 20 నిమిషాల పాటైతే 12,000 సార్లు చాలు. అక్కడ మన పొడుగే మనకి బలం.

కానీ చిన్న లేబుల్‌ని నిలబెట్టేది నేరుగా కొనే మనిషే. ఇంగ్లాండులో మారిలియన్ అనే ప్రోగ్రెసివ్ రాక్ బ్యాండు 2001 ఆల్బమ్ కోసం అభిమానులకి ముందుగానే ఈమెయిలు పెట్టింది. ఆల్బమ్ తయారు కాకముందే 12,000 మందికి పైగా దుడ్లు కట్టినారు. మనకి అన్ని వేల మంది వద్దు. లెక్క కోసం రికార్డింగు ఖర్చు 60,000 అనుకుందాం. మనిషికి 200 రూపాయలు ముందే కట్టే 300 మందుంటే ఖర్చు తీరిపోయింది. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం, అనంతపురం, బెంగళూరులో ఉండే మనోళ్లు: ఈ ఐదు చోట్ల 60 మంది చొప్పున. ఆ 300 మంది ఫోన్ నెంబర్లు రాసుకున్న పుస్తకమే మీ లేబుల్‌కి అసలు ఆస్తి. ప్లాట్‌ఫాం రేపు మారిపోతాది, ఆ పుస్తకం మారదు.

అమెరికాలో డిస్‌కార్డ్ అనే లేబుల్ ఉండాది. వాళ్లది పంక్ సంగీతం గాని నేర్చుకోవాల్సింది ఉండాది. 1980లో ఒక కుర్రోళ్ల బ్యాండు కచేరీల్లో కూడబెట్టిన 600 డాలర్లతో 1,000 రికార్డులు ఏయించినారు. అట్టలు చేత్తో కత్తిరించి, మడిచి, జిగురు పూసి అంటించినారు. ఖర్చు పోను మిగిలింది బ్యాండుకీ లేబుల్‌కీ సగం సగం. నలభై ఏళ్లు దాటినా ఆ లేబుల్ నిలబడే ఉండాది.

మొదలుపెట్టేది ఎట్ల?

ఇద్దరు ముగ్గురు కలిసి భాగస్వామ్య పత్రం రాసుకోండి. ఉద్యమ్ నమోదు ఆన్‌లైన్‌లో ఉచితం, ఎవరికీ రూపాయి ఇయ్యొద్దు. లేబుల్ పేరు మీద వేరే బ్యాంకు ఖాతా తెరవండి. పేరుకి ట్రేడ్‌మార్కు కావాలంటే వ్యక్తులకి, చిన్న సంస్థలకి ఆన్‌లైన్ రుసుము ఒక తరగతికి 4,500 రూపాయలు. ఇది మొదటి రోజే అక్కరలేదు. కాపీరైట్ రిజిస్ట్రేషన్ లేకపోయినా పాట పుట్టినప్పుడే హక్కు పుడతాది. రుజువుగా ఉండాలంటే రికార్డింగుకి 2,000 రూపాయలు కట్టి నమోదు చేసుకోవచ్చు.

ప్రతి రికార్డింగుకి ఐఎస్‌ఆర్‌సీ అని 12 అక్షరాల గుర్తింపు ఉంటాది, మనకి ఆధార్ మాదిరి. పాటని అన్ని యాప్‌లకి చేర్చే డిస్ట్రిబ్యూటర్ కంపెనీలే అది ఇస్తాయి. నెంబరు మీ పుస్తకంలో కూడా రాసి పెట్టుకోండి, రేపు డిస్ట్రిబ్యూటర్ మారినా అదే నెంబరు వాడాల. రాసినోళ్లు, బాణీ కట్టినోళ్లు ఐపీఆర్ఎస్‌లో సభ్యులైతే స్టేజీల మీద, టీవీల్లో వాడినదానికి రాయల్టీ ఆ సంస్థ వసూలు చేసిస్తాది. ఆరు నెలలకొకసారి లెక్క కాగితం బ్యాండుకి పంపండి. పది రూపాయలొచ్చినా పంపండి.

మనం దోచుకునేటోళ్లం కావొద్దు

చివరగా ఒక కష్టమైన మాట. మన పిల్లోళ్లు చేసే రాక్‌లో ఉరుముల దెబ్బ, చెక్కభజన అడుగు, గొరవయ్యల డమరుకం కలుస్తాండాయి. మంచిదే. వేమన పద్యాలకి, పాత తత్వాలకి కాపీరైట్ లేదు. రచయిత పోయినంక 60 ఏళ్లకి హక్కు తీరిపోతాది, వేమన పోయి వందల ఏళ్లయింది. ఎవరైనా పాడొచ్చు.

చట్టం ఒప్పుకుంటాది గాని న్యాయం అంతటితో అయిపోదు. ఆ ఉరుము వాయించే ముసలాయన స్టూడియోకొచ్చి వాయిస్తే ఆయన ప్రదర్శనకారుడు, ఆయనకి హక్కుండాది. ఐదు వందలు, ఒక బిర్యానీ పొట్లం ఇచ్చి పంపితే పెద్ద కంపెనీ మీకు చేసిందే మీరు ఆయనకి చేసినారు. పాట కింద ఆయన పేరు రాయండి, ఊరి పేరు రాయండి. గిటారు వాయించినోనికి ఎంత వాటానో ఆయనకీ అంతే. బ్యాంకు ఖాతా లేకపోతే తోడుపోయి తెరిపించండి. చదవడం రాకపోతే ఒప్పందం తెలుగులో చదివి వినిపించండి, వాళ్లింటి పిల్లోన్ని పక్కన కూసోబెట్టుకొని.

లేపాక్షి నాట్యమండపం స్తంభాల మీద తుంబురుడు వాయిస్తాంటాడు, బ్రహ్మ మద్దెల కొడతాంటాడు, రంభ ఆడతాంటాది. గుడి కట్టించిన విరుపణ్ణ పేరు అందరికీ తెలుసు. ఆ రాతిని చెక్కినోళ్ల పేర్లు బడిపిల్లోన్ని అడిగి చూడండి. పని చేసినోని పేరు చెరిగిపోయేది మన దేశంలో పాత అలవాటు. దాన్ని మార్చేదానికి పెద్ద ఉద్యమమే కావాలని లేదు. ఒక చిన్న లేబుల్, ఒక తెల్లకాగితం చాలు.

కొత్త గిటారు పెడల్ కొనేదానికి ముందు ఆ కాగితం రాసుకోండి తమ్ముళ్లూ, చెల్లెళ్లూ. ఎవరు రాసినారు, ఎవరు కట్టినారు, ఎవరెవరు వాయించినారు, ఎవరికెంత, ఎన్నేళ్లకి. ఐదు లైన్లు. కింద అందరి సంతకాలు, తలా ఒక జిరాక్సు. ఆ పొద్దే మీ లేబుల్ మొదలైనట్లు లెక్క.