పేర్లు ఢీకొన్నాయట!

మ్యాక్ మీద లినక్స్ కెర్నెల్ సోర్సును క్లోన్ చేసినవాళ్లకు ఈ హెచ్చరిక పాత చుట్టమే. డౌన్‌లోడ్ అంతా సజావుగా సాగి, ఇక టీ తాగొద్దామని లేచేసరికి గిట్ ఓ మాట అంటుంది. కింది పేర్లు ఢీకొన్నాయి, ఒక్కో గుంపులో ఒక్క ఫైలే మీ ఫోల్డర్‌లో మిగిలింది అని. బ్రాకెట్లో ఉదాహరణ కూడా ఇస్తుంది: క్యాపిటల్, స్మాల్ లెటర్ల తేడా పట్టించుకోని ఫైల్‌సిస్టమ్ మీద ఇలా జరగొచ్చట.

కెర్నెల్ విషయంలో ఆ ఉదాహరణ నిజమే. నెట్‌ఫిల్టర్ విభాగంలో ఎక్స్‌టీ_డీఎస్‌సీపీ పేరుతో రెండు ఫైళ్లున్నాయి. ఒకదాంట్లో డీఎస్‌సీపీ అన్నది క్యాపిటల్ లెటర్లలో, రెండోదాంట్లో స్మాల్ లెటర్లలో. ఇది నిర్లక్ష్యం కాదు, అక్కడి ఆనవాయితీ. స్మాల్ లెటర్లది ప్యాకెట్‌లో ఆ విలువ ఎంతుందో చూస్తుంది, క్యాపిటల్ లెటర్లది దాన్ని మారుస్తుంది. మ్యాక్ మామూలు ఫైల్‌సిస్టమ్‌కు రెండూ ఒకటే. గిట్ మొదట క్యాపిటల్ ఫైలు రాస్తుంది, తర్వాత దాని మీదే స్మాల్ ఫైలు రాస్తుంది. అందుకే మనం చెయ్యి పెట్టకముందే స్టేటస్‌లో క్యాపిటల్ ఫైలు "మార్చబడింది" అని కనిపిస్తుంది. దాన్ని పూర్వస్థితికి తెస్తే రెండోది మారిపోయినట్టు చూపిస్తుంది. ఓపిక ఉన్నంతసేపు ఆడుకోవచ్చు. రిపాజిటరీకి మాత్రం ఏమీ కాలేదు, రెండు ఫైళ్లూ లోపల భద్రంగా ఉన్నాయి. దెబ్బతిన్నది పైకి తీసిన కాపీ మాత్రమే.

చిక్కల్లా ఆ బ్రాకెట్‌తోనే. 2018 డిసెంబరులో వచ్చిన గిట్ 2.20తో ఈ హెచ్చరిక మొదలైంది. అది పనిచేసే తీరు చాలా సాదా. క్లోన్ అంటే ఖాళీ ఫోల్డర్‌లో ఫైళ్లు రాయడం కదా, రాయబోయే చోట ఫైలు అప్పటికే ఉందంటే ఏదో తేడా జరిగినట్టే. రిజర్వు చేసుకున్న సీట్లో ఎవరో కూర్చుని ఉంటే, కూర్చున్నట్టు కనిపిస్తుంది గానీ ఎందుకు కూర్చున్నారో కనిపించదు. గిట్‌దీ అదే పరిస్థితి. జత ఎవరో తేల్చడానికి మ్యాక్, లినక్స్‌ల మీద ఇనోడ్ సంఖ్యలు పోలుస్తుంది. విండోస్‌లో ఆ సంఖ్యలను నమ్మలేక పేర్లనే పోలుస్తుంది. అంటే ఢీకొన్నాయన్నది కళ్లారా చూసిన సంగతి, క్యాపిటల్-స్మాల్ అన్నది ఊహ. చదివేవాళ్లు ఊహనే రోగనిర్ధారణ అనుకుని కోర్.ఇగ్నోర్‌కేస్ సెట్టింగును ఫాల్స్ చేస్తారు. అది ఫైల్‌సిస్టమ్ గుణం గురించి గిట్ రాసుకున్న నోటు మాత్రమే. రిపాజిటరీ పెట్టేటప్పుడు తన కాన్ఫిగ్ ఫైలును అడ్డదిడ్డమైన క్యాపిటల్ లెటర్లతో పిలిచి, పలికితే ట్రూ అని రాసుకుంటుంది. నోటు దిద్దినంత మాత్రాన డిస్కు బుద్ధి మారదు.

ఇక అసలు తికమక మన లిపిలో ఉంది. తెలుగుకు క్యాపిటల్, స్మాల్ లేనే లేవు. అయినా మ్యాక్ మీద "వైద్యం" అనే ఫైలు, ఇంకో "వైద్యం"తో ఢీకొనగలదు. హెచ్చరిక కింది జాబితాలో ఒకే పేరు రెండుసార్లు కనిపిస్తుంది, పైన మాత్రం క్యాపిటల్ లెటర్ల ఉపన్యాసం.

యూనికోడ్‌లో ఐత్వాన్ని రెండు రకాలుగా రాయొచ్చు. 0సీ48 అనే ఒక్క సంకేతంతో, లేదా ఎత్వానికి 0సీ46 వేసి, దాని కింద తగిలే గుర్తుకు 0సీ56 చేర్చి. రెండూ సమానమని ఆ ప్రమాణమే చెబుతుంది, తెర మీదా తేడా తెలియదు. పాత మ్యాక్‌ల హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ పేర్లను విడదీసి దాచేది. అక్కడి ఫోల్డర్ ఏ ఆర్కైవ్ రూపంలోనో లినక్స్‌కు చేరి గిట్‌లోకి ఎక్కితే విడి రూపం అలాగే ఎక్కుతుంది. తర్వాత ఇంకెవరో కీబోర్డు మీద అదే పేరు కొట్టి ఫైలు చేరిస్తే కలిపిన రూపం వస్తుంది. లినక్స్‌కు బైట్లు వేరైతే ఫైళ్లు వేరే, అభ్యంతరమేమీ ఉండదు. ఇప్పటి మ్యాక్‌ల ఏపీఎఫ్‌ఎస్ మాత్రం రెండూ ఒకటే అంటుంది.

తేల్చుకోవడానికి గిట్ ఎల్‌ఎస్-ఫైల్స్ చాలు. తెలుగు పేర్లను అది అక్షరాల్లో కాక అంకెల్లో చూపిస్తుంది. విసుగెత్తి చాలామంది అలా చూపించే కోర్.కోట్‌పాత్ సెట్టింగును ఆపేసుకుంటారు, ఈ ఒక్క పనికి మళ్లీ పెట్టుకోవాలి. వకారం తర్వాత ఒక పేరులో 340 261 210 అని, రెండోదాంట్లో 340 261 206 340 261 226 అని కనిపిస్తే దొంగ దొరికినట్టే.

కెర్నెల్ లాంటి కేసుకు మందు తేలిక. మ్యాక్ డిస్క్ యుటిలిటీలో క్యాపిటల్-స్మాల్ తేడా పాటించే వాల్యూమ్ ఒకటి చేసుకుని అందులో క్లోన్ చేస్తే సరి. ఐత్వం కేసులో ఆ వాల్యూమ్ ఎందుకూ పనికిరాదు, ఏపీఎఫ్‌ఎస్ ఆ రకంలోనూ రెండు రూపాలను ఒకటిగానే చూస్తుంది. రెండింట్లో ఒక పేరు మార్చాలి, లేదా ఒకదాన్ని తీసెయ్యాలి. అదీ మ్యాక్ మీద కూర్చుని మామూలు సెట్టింగులతో చేద్దామంటే కుదరదు. విడి రూపాన్ని తీసెయ్యమని మనం టైపు చేసిన పేరును అక్కడి గిట్ ముందు కలిపేసుకుని, ఆ తర్వాతే వెతుకుతుంది. బాగున్న ఫైలే పోతుంది. ఆ పని లినక్స్ మీద చేయడం మేలు.