కారు జీపీఎస్: అపోహలు – వాస్తవాలు

సూరత్ జిల్లా పల్సానా వద్ద ముంబై–అహ్మదాబాద్‌లను కలిపే 48వ జాతీయ రహదారి, హజీరా నుంచి ధులే మీదుగా తూర్పుకు సాగే 53వ జాతీయ రహదారి కలుస్తాయి. సూరత్ మరమగ్గాల పరిశ్రమలో స్థిరపడిన తెలుగువారు కారులో తెలంగాణకు బయలుదేరినప్పుడు, ఇక్కడ ధులే వైపు తిరగకుండా నేరుగా వెళ్తే ముంబై దారి పడతారు. అందుకే దారి చూపే పరికరాన్ని ఎంచుకునే ముందు దాని గురించిన కొన్ని అపోహలను తొలగించుకోవడం అవసరం.

అపోహ: ఇంటర్నెట్ లేకపోతే జీపీఎస్ పనిచేయదు.
వాస్తవం: సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహాల సంకేతాలను రిసీవర్ అందుకుని, కనీసం నాలుగింటి నుంచి అవి చేరడానికి పట్టిన కాలాన్ని బట్టి తానున్న చోటును లెక్కగడుతుంది, దీనికి ఇంటర్నెట్‌తో పని లేదు. ఇంటర్నెట్ కావలసింది మ్యాప్‌కు, ట్రాఫిక్ సమాచారానికి కనుక, మ్యాప్‌ను ముందే డౌన్‌లోడ్ చేసుకుంటే సరిపోతుంది.

అపోహ: ఖరీదు పెరిగేకొద్దీ కచ్చితత్వం పెరుగుతుంది.
వాస్తవం: పౌర సంకేతాలలో కావాలని కలిపే లోపాన్ని అమెరికా 2000 మే నెలలో తొలగించినందున, ఆరుబయట మామూలు ఫోన్ కూడా దాదాపు 5 మీటర్ల తేడాతో స్థానం చెప్పగలదు. అయితే హైవే, దాని పక్కనే సాగే సర్వీస్ రోడ్డు మధ్య దూరం కొన్నిచోట్ల అంతకు మించదు. అక్కడ ఖరీదైన తెర కంటే దారి బోర్డే నమ్మదగినది.

అపోహ: నావిక్ ఒక స్వదేశీ మ్యాప్.
వాస్తవం: నావిక్ ఇస్రో నిర్మించిన ఉపగ్రహ వ్యవస్థ, దాని తొలి ఉపగ్రహాన్ని 2013 జులై 1న శ్రీహరికోట నుంచి ప్రయోగించారు. అది భారతదేశానికి, చుట్టూ 1,500 కిలోమీటర్ల మేరకు సంకేతాలు మాత్రమే అందిస్తుంది. మ్యాప్ వేరొకరు తయారుచేయవలసిందే.

అపోహ: జీపీఎస్ ఉంటే దొంగిలించిన కారు ఆచూకీ దానంతటదే తెలుస్తుంది.
వాస్తవం: రిసీవర్ సంకేతాలను అందుకుంటుందే తప్ప ఎవరికీ పంపదు, ఆచూకీ తెలియాలంటే సిమ్ ద్వారా స్థానాన్ని పంపే ట్రాకర్ విడిగా ఉండాలి.

కనుక కొనేవారు చూడవలసింది తెర పరిమాణాన్ని కాదు. మ్యాప్ ఎంత తరచుగా అప్‌డేట్ అవుతుందో, ఇంటర్నెట్ లేకుండా దారి చూపుతుందో లేదో, తెలుగులో మాట్లాడుతుందో లేదో. ఫోన్‌నే వాడేవారు దానిని స్టాండుకు బిగించి, గమ్యాన్ని బయలుదేరక ముందే నమోదు చేయాలి. 2020 అక్టోబరు నుంచి అమలులో ఉన్న నిబంధన ప్రకారం, డ్రైవింగ్‌లో ఫోన్‌ను దారి తెలుసుకోవడానికి మాత్రమే, అదీ ఏకాగ్రత చెదరని రీతిలోనే వాడవచ్చు.