కృపారక్షణవాక్యమున సర్వనామవిచారము

పౌలు పేరఁ బ్రసిద్ధమైన ఎఫెసీయపత్రికయందు ద్వితీయాధ్యాయములోని యెనిమిదవ వాక్యము క్రైస్తవుల మోక్షసిద్ధాంతమునకు మూలస్తంభము. మనుష్యుఁడు రక్షింపఁబడుట స్వకర్మఫలము గాదనియు, కేవలము దైవకృపాఫలమనియు దాని తాత్పర్యము. అందుఁ గృప కరణము, విశ్వాసము ద్వారము. రక్షణక్రియ కర్మణిరూపమున నుండుటచే మనుష్యుఁడు కర్మయే గాని కర్త గాఁడు, కర్త దేవుఁడు.

పిమ్మట నొక సర్వనామము వచ్చి, తాను బోధించునది మనుష్యులవలనఁ గలుగలేదనియు, దేవుని దానమనియుఁ దెలుపుచున్నది. ఆ సర్వనామము దేనిని బరామర్శించును? కృపనా, విశ్వాసమునా, రక్షణనా? తెలుఁగు బైబిలులోని "ఇది" యను పదమువలన నిర్ణయము గలుగదు. ఈ మూఁడును దెలుఁగున నమహద్వాచకములే గదా! మూలమగు గ్రీకుభాషలో లింగము శబ్దాశ్రితము. కృపావాచకమగు "ఖారిస్", విశ్వాసవాచకమగు "పిస్టిస్" స్త్రీలింగములు. సర్వనామమగు "తూతొ" నపుంసకము. కావున నది పూర్వవాక్యార్థము నంతయుఁ బరామర్శించు ననుటయే యుక్తము. దానవాచకమగు "దోరొన్" నపుంసకము గనుక దానినిబట్టి యీ లింగము వచ్చిన దనరాదా? ఉద్దేశ్యవిధేయములలో నేదో యొకదాని లింగమును సర్వనామము పొందవచ్చునని సంస్కృతవైయాకరణులకును సమ్మతమే. కాని యిచ్చట దానపదము వేఱు ఖండవాక్యమున నున్నది.

హిప్పోనగరపు బిషప్పగు అగస్టీను (354-430) విశ్వాసమును దైవదానమే యని స్థాపించుచు నీ వాక్యమును బ్రమాణముగాఁ జూపెను. కాల్విను (1509-1564) కృపైకవాది యయ్యును, ఇచ్చట దానమనఁగా రక్షణయే గాని విశ్వాసము గాదనెను.

ఇది శుష్కచర్చ గాదు. విశ్వాసము మనుష్యుని సొంతమైనచో రక్షణ కొంతవఱకుఁ గూలి యగును. నమ్మినవాఁడు నమ్మనివానిఁ జూచి గర్వింపవచ్చును. అందుచేతనే 529వ సంవత్సరమున గాల్ దేశమందలి ఓరాంజిసభ, విశ్వాసారంభము సైతము కృపాజన్యమే యని నిర్ణయించినది. ఫిలిప్పీయపత్రిక ప్రథమాధ్యాయమున 29వ వాక్యము దీనికి స్పష్టతరమైన ప్రమాణము. విశ్వసించుట యనుగ్రహింపఁబడిన దని చెప్పుటకుఁ బౌలు "ఖారిస్" శబ్దసంబంధి యగు క్రియనే యందు వాడెను.

అట్లయిన విశ్వసించువాఁడు దేవుఁడేనా? కాఁడు. ప్రయోజకకర్త యున్నంతమాత్రమునఁ బ్రయోజ్యుని కర్తృత్వము పోదని వైయాకరణు లెఱుఁగుదురు. విశ్వసింపఁజేయువాఁడు దేవుఁడు, విశ్వసించువాఁడు మనుష్యుఁడు.

కావున నెఫెసీయవాక్యమందలి సర్వనామము రక్షణవ్యాపారము నంతయు దానమనుచున్నది. విశ్వాస మం దొక యంగ మగుటచే నదియు వెలుపల నిలువదు. పాఠము చెప్పువారు "ఇది" యను పదమునకు విశ్వాసమును మాత్రమే గాక, సమగ్రవాక్యార్థమును జూపుట మేలు.