హామ్‌స్టర్ కదలట్లేదా? తొందరపడి పాతిపెట్టకండి
చలికాలం రాగానే పాతబస్తీ నుంచి నాకు ఎక్కువగా వచ్చే ప్రశ్న: "అన్నా, హామ్‌స్టర్ చల్లబడిపోయింది, చచ్చిపోయిందా?"

తొందరపడకండి. డిసెంబరు, జనవరి రాత్రుల్లో మన దగ్గర 10 డిగ్రీల దాకా పడిపోతుంది కదా. చలి తగిలి, తిండి తక్కువైతే అది మొద్దునిద్రలోకి పోవచ్చు. దీన్ని టార్పర్ అంటారు. అప్పుడు ఊపిరి చాలా నెమ్మదిగా ఆడుతుంది. అందుకే పొట్ట, మీసాలు కొన్ని నిమిషాలు కదలకుండా చూడండి.

గుడ్డలో చుట్టి, అరచేతుల్లో మెల్లగా వెచ్చబరచండి. వేడినీళ్లు, హీటర్ వద్దు. నీళ్లు పూర్తిగా లేచాకే పట్టండి. తర్వాత పంజరాన్ని షాబాద్ బండల మీద పెట్టకండి, కింద అట్ట వేయండి.

గది వెచ్చగానే ఉన్నా అలా పడి ఉంటే, అది నిద్ర కాకపోవచ్చు, జబ్బు కావచ్చు. ఆలస్యం చేయకుండా పశువుల డాక్టర్‌కి చూపించండి.