నట్టు వదిలితే ప్రాణాపాయమే

సొంతంగా తయారుచేసే కారులో వెనుక సస్పెన్షన్‌కు బోల్టుల ఎంపికే కీలకం. ఇంజిన్ లాగుడు, బ్రేకు తాకిడి, రోడ్డు కుదుపులు వాటిపైనే పడతాయి. నట్టు వదులై ఊడితే చక్రం అదుపు తప్పుతుంది. అందుకే ఇంజినీరింగ్ విద్యార్థులు కార్లు రూపొందించి పోటీపడే ఫార్ములా ఎస్ఏఈలో నిబంధనలు కఠినంగా ఉంటాయి. మెట్రిక్ బోల్టు కనీసం 8.8 గ్రేడుదై ఉండాలి. ఇందులో మొదటి అంకె సుమారు 800 మెగాపాస్కల్ తన్యత బలాన్ని తెలుపుతుంది. అందులో 80 శాతం భారానికి బోల్టు శాశ్వతంగా సాగడం మొదలవుతుందని రెండో అంకెకు అర్థం. స్ప్రింగ్ వాషరు, త్రెడ్లకు పూసే జిగురు ఈ పోటీలో చెల్లవు. నైలాన్ లాక్ నట్టు, స్ప్లిట్ పిన్ లేదా సేఫ్టీ వైరు తప్పనిసరి. నట్టు దాటి కనీసం రెండు త్రెడ్లు బయటికి కనిపించాలి. నైలాన్ వేడికి మెత్తబడుతుంది కనుక సైలెన్సర్ గొట్టం సమీపంలో లోహపు లాక్ నట్టే శ్రేయస్కరం. విప్పిన నైలాన్ నట్టును తిరిగి వాడరాదు. బిగించిన వెంటనే నట్టు, బోల్టులపై కలిపి రంగు గీత గీస్తే, తర్వాత నట్టు ఏమాత్రం కదిలినా ఇట్టే తెలిసిపోతుంది.